బువ్వ నర్సమ్మ

మా నాన్న ఉన్న వార్డులో నర్సమ్మకు ఒకటే అలవాటు: ఎవరితోనైనా సరే చంటిపిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడేది. ఆసుపత్రి మొత్తం ఆవిడను బువ్వ నర్సమ్మ అనేది. యాభై దాటిన మనిషి. అడుగేస్తే మంచాలు కదిలేవి. మొహంలో నవ్వు మందుకైనా దొరకదు. నోరు తెరిస్తే మాత్రం, "లాల పోసుకుందామా? బువ్వ తిని బజ్జుందామా?"

పెద్ద డాక్టరంటే అందరికీ హడల్. ఈవిడకు లెక్కే లేదు. "చేతులు కడుక్కోలేదా? ఛీ ఛీ! జలజలా కడుక్కుని రండి, బంగారూ!" ఆయన గొణుక్కుంటూ వెళ్లి కడుక్కొచ్చేవాడు. పక్షవాతం రోగులున్న ఆ పదకొండు మంచాల మధ్య నవ్వుకోవడానికి ఉన్నది అదొక్కటే.

నాకు ఆ నవ్వూ రాలేదు. నలభై ఏళ్లు కోర్టులో వాదించిన మా నాన్నకు మాట పడిపోయింది. తిరిగొచ్చినవి మూడే: బువ్వ, నీళ్లు, వద్దు. నన్ను చూస్తే ఆ మూడూ మింగేసి గోడవైపు తిరిగేవాడు. అలాంటి మనిషి గడ్డం పట్టుకుని ఆవిడ "మా కొండ ఆం తింటాడా?" అంటే నాకు ఒళ్లు మండింది.

"ఆయన ప్లీడరండీ, పసిపిల్లాడు కాదు!"

"అబ్బో, అబ్బాయికి కోపం! బుంగమూతి!"

ఫిర్యాదు రాసుకుని ఆఫీసు గదికి వెళ్లాను. లోపల ఆవిడే ఫోనులో మాట్లాడుతోంది. "మూడు వారాల క్రితం అడిగిన పరుపులు ఇంతవరకూ ఎందుకు పంపలేదో రాతపూర్వకంగా ఇవ్వండి. లేదంటే మీ పైఅధికారినే అడుగుతాను." కోర్టులో మా నాన్నను విన్నట్టే ఉంది.

"మీకు మామూలుగా మాట్లాడటం వచ్చా!" అన్నాను నోరెళ్లబెట్టి.

ఆవిడ గబగబా తలుపు వేసింది. "నెమ్మది బాబూ. మీ నాన్నగారిలాంటి రోగులకు ఇప్పుడు అందేవి ఈ చిన్న మాటలే. వాళ్లతో మాత్రమే అలా మాట్లాడితే చిన్నబుచ్చుకోరూ? అందరితో మాట్లాడితే అదే ఈ వార్డు భాష. పెద్ద డాక్టరుగారిని ముందే ఒప్పించాను."

"జనం నవ్వుతున్నారు కదండీ?"

"నవ్వనీ. నన్ను చూసే కదా నవ్వేది, వాళ్లను చూసి కాదుగా."

ఫిర్యాదు కాగితం జేబులో కుక్కుకుని నాన్న దగ్గరికి వచ్చాను. గిన్నెలో గంజి చల్లారిపోతోంది. పొద్దుటినుంచీ నేనూ ఏమీ తినలేదు. అటూ ఇటూ చూసి, సిగ్గు చంపుకుని, "నాన్నా... ఆకలి. బువ్వ" అన్నాను.

ఆయన ఇటు తిరిగాడు. సాక్షి నిజం చెబుతున్నాడో లేదో తేల్చుకుంటున్నట్టు చాలాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత బాగున్న చేత్తో చెంచా ఎత్తి, వణుకుతూనే నా నోటి దాకా తెచ్చి, "ఆం" అన్నాడు.

సగం గంజి నా చొక్కా మీదే పడింది. అది చూసి నాన్న, కదిలే వైపు మూతితో, నవ్వాడు.

నేను మళ్లీ నోరు తెరిచాను.