బిందెల వరసలో ఫోన్లు

మా ఉదయగిరి పక్క జనానికి వాన కోసం కప్పకు పెళ్లి చేయడం వచ్చు. పడవెక్కడం రాదు. అందుకే తుఫాను వాన విడవకుండా పట్టుకుని, వరికుంటపాడు అవతల వాగు ఊళ్ల మీద పడ్డప్పుడు, సముద్రం పక్కనుంచి లారీ మీద పడవ వస్తోందంటే సగం మంది ముందు దాన్ని చూడాలనుకున్నారు.

నాది ఆత్మకూరులో ఇంటర్నెట్ కేబుళ్లు లాగే పని. కరెంటు పోయి, దాని వెనకే సెల్ టవర్లు పోయాక, నన్నూ ఒక శాటిలైట్ డిష్‌నూ ఒక జనరేటరునూ బొలెరోలో వేసి వాగొడ్డున ఉన్న ఒక ఊరి బడికి పంపారు. మూడింట్లో వారంటీ లేనిది నేనొక్కడినే కాబట్టి టార్పాలిన్ మిగతా రెంటికీ కప్పారు.

బొలెరో నడిపిన భాయ్‌దీ ఆత్మకూరే. వాళ్ల నాన్న ఆ వాగు అవతల నిమ్మతోటకు కాపలా ఉంటాడు. వింజమూరు దాటేదాకా ఆ సంగతి ఎత్తలేదు. దాటాక, "మా అబ్బా ఉండేది ఆ పక్కనేరా" అన్నాడు, టీకొట్టు ఎక్కడుందో చెప్పినట్టు.

బడిలో మా పని ఇదీ. వాలంటీర్లు బైకుల మీద తిరిగి, ఎవరెక్కడ చిక్కుకున్నారో చూసి, ఫోటో, లొకేషన్ తీసుకుని వస్తారు. బడి వరండాలో వైఫై తగలగానే అవి కలిగిరిలో ఆగి ఉన్న పడవవాళ్లకు పోతాయి. దార్లన్నీ తెగి ఉన్నాయి. పడవను ఏ పక్క దించాలో తెలియందే ఆ లారీ కదలదు.

తడిచేతులతో కొట్టాలి గదా అని, పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు పెట్టాను. వాలంటీర్లకు మాత్రమే చెప్పాను. వాళ్లలో ఒకడు ఊరి పెద్దాయనకు చెప్పాడు. ఎండాకాలం నీళ్ల ట్యాంకరు వస్తే బ్యాటరీ మైకులో చెప్పేది ఆయనే. ఆ ఊళ్లోకి ఏదొచ్చినా మైకులో చెప్పకపోతే దాచుకున్నట్టు లెక్క. నేను జనరేటరు దగ్గర ఉండగా మైకు గరగరమంది.

"అందురూ వినండి. బడికాడికి నెట్ వచ్చి ఉండాది. ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు కొట్టుకోండి. తోసుకోకుండా రాండి."

వచ్చారు. ఒక అవ్వ బెంగుళూరులోని మనవడికి వాగు చూపిస్తోంది. "ఇట్ట చూడరా, ఇటుపక్క ఇంకా పెద్దగుండాది" అని. ఒకాయన మునిగిపోయిన తన మిరపచేనునే స్టేటస్‌గా పెట్టి, ఎందరు చూశారో చూసుకుంటున్నాడు.

అప్పుడు వచ్చింది ఒక వాలంటీరు అమ్మాయి, మోకాళ్ల దాకా బురదతో. వాగవతల మోటారు షెడ్డు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడని ఫోటో తెచ్చింది. పంపితే పోలేదు. గడియారం గుర్తు అట్లాగే నిలబడింది. భాయ్ ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

"మా అబ్బా."

"అంత దూరంలో ఎట్ట తెలిసింది భాయ్?"

"ఆ గొడుగు నేను కొనిచ్చిందే. మూసి పట్టుకోనుండాడు చూడు. వానలో తెరిస్తే పాడైపోతాదంట."

పాస్‌వర్డ్ మార్చొచ్చు. మారిస్తే డిష్ కింది వైఫై పెట్టె ఆగి, ఆ మబ్బులో మళ్లీ శాటిలైట్‌ను వెతుక్కోవాలి. దొరికితే దొరికినట్టు. పెద్దాయన దగ్గరికి పోయాను.

"పెదనాయనా, నెట్టు కూడా ట్యాంకరే. అందరూ ఒక్కసారే పైపు పెడితే ఎవరి బిందె కూడా నిండదు."

ఇంకో మాట చెప్పాల్సిన పని పడలేదు. మళ్లీ మైకు తీసుకున్నాడు. "అందురూ ఫోన్లు ఆపేసి బెంచీ మీద వరసన పెట్టండి. మీ వరస యాడికీ పోదు. ముందు వాగవతల మనిషిది పోవాల."

"నా మనవడు మాట్లాడతా ఉంటే ఎట్ట ఆపేది?" అంది అవ్వ.

"నీ మనవడు మేడ మీదుండాడు గదమ్మా. షెడ్డు మీద లేడు. పెట్టు."

పెట్టారు. ట్యాంకరు ముందు బిందెలు పెట్టినట్టే, ఒకదాని వెనక ఒకటి. ఒకాయన ఫోను ఇంట్లో మరిచి వచ్చాడు. వరస పోకుండా రాయి పెట్టాడు.

లొకేషన్ పోయింది. కాసేపటికి టిక్కులు నీలం అయినాయి. "బయల్దేరినాం" అని వచ్చింది. ఇక ఫోన్లు తీసుకోమన్నాను. పడవ వచ్చేదాకా ఉండనీ అన్నారు.

పొద్దుగూకకముందే పడవ తిరిగొచ్చింది. అందులో ఒక మనిషి పడుకుని ఉన్నాడు. "అలిసిపోయినట్టుండాడు" అన్నాను భాయ్‌తో. భాయ్ అప్పటికే నీళ్లలోకి దిగాడు. నీళ్లు షెడ్డు కప్పు దాకా రానేలేదట. ముసలాయన చలికే పోయాడని పడవవాళ్లు చెప్పారు. ఎప్పుడు పోయాడో, లొకేషన్ పోకముందో పోయాకో, ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. గొడుగును కూడా తెచ్చారు, మూసినది మూసినట్టే.

నాకేమీ అనిపించలేదు. పోయి జనరేటరులో డీజిల్ చూసి వచ్చాను. సరిపోను ఉంది.

పెద్దాయన భాయ్ దగ్గరికి వచ్చి, "ఇంటికి చెప్పుకో అబ్బయ్యా. నువ్వు మాట్లాడిందాకా ఎవురూ ఫోను ఎత్తరు" అన్నాడు. ఈసారి మైకు పట్టుకోలేదు.

భాయ్ ఆత్మకూరులో ఉన్న వాళ్ల అమ్మీకి కాల్ చేశాడు. నాకు ఉర్దూ సగమే వస్తుంది. సగం చాలింది. ఆ పెట్టెలోంచి అంత తేటగా మాట పోవడం నేనెప్పుడూ చూడలేదు. అవతల ఆమె ఊపిరి కూడా వినిపించింది. ఒక్కసారైనా తెగితే బాగుండుననిపించింది. తెగలేదు.

అది అయిపోయాక పెద్దాయన వరస మొదలుపెట్టాడు. ఒక్కొక్కరూ వచ్చి ఫోను తీసుకుని, మాట తగ్గించి మాట్లాడి పోతున్నారు. రాయి వంతు వచ్చేసరికి దాన్ని పెట్టినాయన లేడు. ఫోను కోసం ఇంటికి పోయి ఉన్నాడు. వెనకవాళ్లు ఆగారు.