తిరిగొచ్చిన జాబు, కొత్త సీతాఫలం

గిద్దలూరు ఆసుపత్రిలో నేను ఆయాగా చేసిన రోజుల్లో మాకు ఒక యూదు డాక్టరమ్మ ఉండేది. జర్మనీలో తనవాళ్ళను బతకనివ్వడం లేదని పారిపోయి వచ్చిందట. మా చర్చివాళ్ళు మొదట్లో ఏసుప్రభువు చుట్టాన్ని చూసినట్టు వచ్చి చూసి పోయేవారు. ఆమె నోరు విన్నాక ఆ చుట్టరికం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా మాట ఆమెకు తిట్లతోనే పట్టుబడింది.

ఆమె తల్లి అక్కడే ఉండిపోయింది. యుద్ధం మొదలయ్యాక ఉత్తరాలు ఆగిపోయాయి. ఎవరెవరి ద్వారానో ఒక జాబు పంపి, "ఇది గాని ఎనక్కి వస్తే ఆ రోజే మద్రాసు పోతా, ఆఫీసుల్లో అడుగుతా" అంటూ ఉండేది.

అది వెనక్కి వచ్చింది. టపా బంట్రోతు నా చేతికిచ్చి, "ఆ ఇంట్లో ఎవురూ లేరంటమ్మా, పైన రాసినారు" అన్నాడు. అప్పటికి మా అక్కకు నెలలు నిండాయి. మొదటి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి చనిపోయింది, అక్క చావు తప్పి బయటపడింది. ఈసారి కోసి తీయాల్సిందేనని డాక్టరమ్మ చెప్పింది. కోసేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. జాబును నా ట్రంకు పెట్టెలో చీరల అడుగున దాచాను.

జాబు వచ్చిన మూడో రోజున యూదుల కొత్త సంవత్సరం. అది రాకముందే, ఏడాదంతా ఎవరిని నొప్పించారో వాళ్ళ దగ్గరికి పోయి మన్నించమని అడగాలట. మావాళ్ళు మన్నింపు నేరుగా పైవాడినే అడుగుతారు, పక్కింటి గడప దాకా రానివ్వరు. డాక్టరమ్మ ఊడ్చే అవ్వ మొదలుకొని అందరినీ అడిగింది. కాంపౌండరు బెదిరిపోయి చెప్పులు విడిచి నిలబడ్డాడు.

నా దగ్గరికి వచ్చి, "ట్రే పడేసినావని నిన్ను గాడిదా అంటిని. తప్పు. మన్నిస్తావా?" అంది.

"అయ్యో, అట్ల అడగగూడదమ్మా."

"అడగాల. నాకు జవాబు కావాల."

మన్నించానన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది.

పండుగ రెండో సాయంత్రం, ఆ ఏడు ఇంకా రుచి చూడని పండు తిని దేవుడికి కృతజ్ఞత చెప్పాలట. నల్లమల నుంచి చెంచులు తెచ్చిన సీతాఫలం నేనే కొనిపెట్టాను. ఆమె దాన్ని విప్పి, కళ్ళు మూసుకుని తన భాషలో ఏదో అంది. తర్వాత నాకు చెప్పింది. "బతికించినావు, నిలబెట్టినావు, ఈ పొద్దుకు తెచ్చినావు, అంటాం. మా యమ్మ గూడా ఈ పూట ఇదే అంటాంటాది." సగం పండు నా చేతిలో పెట్టింది.

పండుగ అయిన నాలుగో రోజు డాక్టరమ్మ అక్కకు కోసి బిడ్డను తీసింది. ఆడపిల్ల. ఇద్దరూ బతికారు. బయటికి వచ్చి, "ఏడ్చేదేందే, నవ్వు!" అని నా చెంప తట్టింది. అప్పుడూ ఇవ్వలేదు. అక్కకు కుట్లు విప్పేదాకా ఆగి, ఆ సాయంత్రం జాబు తెచ్చి ఇచ్చాను.

ఆమె తన చేతిరాతనే చాలాసేపు చూసింది. గిద్దలూరు టపా ముద్రలో తేదీ చూసింది.

"పండగ చెడగూడదని దాచినావా? నా మీద జాలిపడి?"

తల ఊపాను.

నా నెత్తిన చెయ్యి పెట్టి, "అట్లయితే మన్నించినా" అంది.

అక్క కోసం దాచానని చెప్పలేదు. ఆమె మర్నాటి రైలుకు మద్రాసు వెళ్ళింది, మళ్ళీ రాలేదు. నిజం చెప్పి అడుగుదామంటే ఆమె ఏ ఊళ్ళో ఉందో, అసలు ఉందో లేదో నాకు తెలియదు.