తగ్గకముందే పెట్టిన కూడిక

ఆదివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నామని ఆళ్లగడ్డ నుంచి అక్క ఫోన్ చేసినప్పుడు నాకు మొదట కలిగింది భయం. మా బావ శిల్పి. జీవితమంతా రాయి చెక్కుతూ ఆ దుమ్మునే పీల్చాడు. ఊపిరితిత్తుల్లో పడిన ఆ మచ్చలు మానేవి కావని నంద్యాల ఆసుపత్రిలో ఎక్స్‌రే చూపించి అక్కకు విడమరిచి చెప్పింది నేనే. మా క్రైస్తవ సంఘాల్లో కృతజ్ఞతా కూడిక పెట్టేది మేలు జరిగిన తరువాత. అంటే బావకు నయమైందని ఎవరో ప్రకటించి ఉంటారు, ఆక్సిజన్ మిషన్ ఆపేసి ఉంటారు. కళాశాలలో జీవరసాయనం బోధిస్తూ, ఏ మాటకైనా ఆధారం అడిగే నేను, వేలికి పెట్టి చూసే ఆక్సీమీటర్‌ను సంచిలో వేసుకుని బస్సెక్కాను.

సిరివెళ్ల దాటేసరికి ఆ భయం అడుగున ఉన్నది పైకి తేలింది. అది అసూయ. నా భర్త మంచాన పడిన కాలంలో ప్రతి రిపోర్టునూ సరిచూశాను, ప్రతి మందు గురించీ చదివి తెలుసుకున్నాను. నా అంచనా ఎక్కడా తప్పలేదు. ఆయన పోయాడు. అప్పటినుంచి మాత్ర వేసుకోనిదే నాకు నిద్ర లేదు. అక్క మాత్రం ఆ మిషన్ హోరులో, బావ పక్కనే, తల వాల్చగానే నిద్రపోతుంది. ఆ నిద్ర ఆమెకే ఎందుకు దక్కాలి?

వాకిట్లో సంఘపు ఆడవాళ్లు ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. లోపల మిషన్ నడుస్తూనే ఉంది. ముక్కుకు గొట్టంతో బావ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“ఏం మరదలా, తనిఖీకి వచ్చినావా?” అన్నాడు, మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ.

“మిషన్ ఆపినారేమో అనుకుంటి బావా.”

“ఆపితే మీ అక్క నన్ను బతకనిస్తాదా?”

బావ వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూశాను. ఎనభై తొమ్మిది. తొంభై అయిదుకు తగ్గకూడనిది. అక్కను వంటింట్లోకి పిలిచి అడిగాను.

“ఏం తగ్గిందని పెట్టుకున్యావు కూడిక?”

“ఏమీ తగ్గల్యా. నువ్వు చెప్పినట్టే ఉండాది.”

“మరి ఏందిది?”

“తగ్గినంక పెడదామంటే, తగ్గదని నువ్వే అంటివి. ఇంగెప్పుడు పెట్టల్ల? ఆయప్ప కూసోని ఇనేటప్పుడే పెడ్తాండా.”

ఆమె అబద్ధమాడి ఉంటే జాలిపడి తిరిగి వెళ్లేదాన్ని. నిజం నాకు తెలిసినంతా తెలిసి, ఇంత నెమ్మదిగా ఉండటమే నేను ఓర్వలేకపోయాను.

పాటలయ్యాక పాస్టరయ్య ఒక్కొక్కరినీ దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమన్నాడు. ఒకామె మేక ఈనిందని చెప్పింది. ఇంకొకామె కోడలు మళ్లీ మాట్లాడుతోందని చెప్పింది. ఒక్కొక్క మాటకూ అందరూ స్తోత్రం పలికారు. నా వంతు వచ్చింది. నేను ఆరాధనకు వెళ్లడం మానేశానని అక్కడ తెలియనివారు లేరు.

“ఏదో ఒకటి చెప్పే,” అంది అక్క.

బావ వేలికి మళ్లీ ఆక్సీమీటర్ పెట్టాను. “ఎనభై తొమ్మిది,” అన్నాను. “ప్రార్థనకు ముందూ అంతే. మారలేదు.”

“స్తోత్రం!” అన్నారు గదినిండా ఆడవాళ్లు.

బావ నవ్వబోయి దగ్గాడు. అక్క ఆయన వీపు నిమిరింది. ప్రార్థన వల్ల ఏదీ మారదని చూపడానికి నేను వెంట తెచ్చుకున్న ఒకే ఒక్క ఆధారం ఆ అంకె. ఆ స్తోత్రంతో అదీ అక్క వైపే చేరిపోయింది. భోజనాల దగ్గర అక్క అందరికన్నా ముందు నాకే అన్నం వడ్డించింది.