చదవకుండా ఎంచిన పుస్తకాలు

మా పుస్తకాల గుంపుకి ఏ నెల ఏ పుస్తకమో చెప్పే పని రెండేళ్ల పాటు నాదే. ఎవరూ అప్పగించలేదు. మొదటి నెల ఎవరికీ ఏమీ తోచక ఒకరి ముఖాలొకరు చూసుకుంటుంటే నేనొక పేరు చెప్పాను. అంతే, అది నా పనైపోయింది. మొత్తం ఎనిమిది మందిమి. నెలకోసారి శుక్రవారం మధ్యాహ్నం, ఇక్కడ ఖతార్‌లో, అల్ సద్‌లో ఒక నర్సుగారి ఫ్లాట్‌లో కలుస్తాం. సెలవు మీద ఊరెళ్లిన వాళ్లు తిరిగొచ్చేటప్పుడు పచ్చళ్ల పక్కనే నేను చెప్పిన పుస్తకాలు సర్దుకొస్తారు. వాళ్లచేత అంత బరువు మోయిస్తూ, ఆ పుస్తకాలు నేను మాత్రం చదివేదాన్ని కాదు.

ఖతార్ వచ్చిన కొత్తలో చదివేదాన్ని. ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. ఆఫీసులో పొద్దస్తమానం డ్రాయింగుల నంబర్లు సరిచూసే ఉద్యోగం. ప్రాజెక్టు అయిపోవస్తోంది, ఎవరిని ఉంచుతారో ఎవరిని పంపిస్తారో తేలడం లేదు. అల్ వక్రాలోని గదికొచ్చి పుస్తకం తెరిస్తే ఒకే వాక్యం మూడుసార్లు చదివేదాన్ని. లేచి కుళాయి కట్టేశానో లేదో చూసొచ్చేదాన్ని. ఫోన్ తీసేదాన్ని. మళ్లీ అదే వాక్యం. చివరికొక పద్ధతి కుదుర్చుకున్నాను. మొదటి ఇరవై పేజీలు, చివరి అధ్యాయం, అట్ట వెనక రాసింది. గంటసేపు మాట్లాడటానికి అవి చాలు.

గుంపులో ఒకాయన ఉన్నారు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి, సైట్‌లో ఇనుప కడ్డీలు కట్టే పని. బిర్కత్ అల్ అవామిర్‌లోని కార్మికుల క్యాంప్ నుంచి బస్సెక్కి, మెట్రో మారి వస్తారు. పుస్తకానికి పేపరు అట్ట వేసుకుంటారు. గోడవారగా కూర్చుని వింటారే తప్ప మాట్లాడరు. నేనాయన్ని అన్నయ్యా అంటాను, ఆయన నన్ను చెల్లె అంటారు.

ఆ నెల పుస్తకం ఇద్దరు అన్నదమ్ముల నవల. పెద్దవాడు పోట్లాడి ఇల్లు విడిచిపోతాడు. “పెద్దవాడు తిరిగి రాకపోవడమే ఈ నవలకు బలం” అన్నాను, చాలా ధీమాగా. నర్సుగారు తలూపారు. మిగతా వాళ్లూ తలూపారు. అన్నయ్య మాత్రం పుస్తకం తెరిచి, ఒకచోట వేలు పెట్టి, నా వంక చూసి మూసేశారు.

తిరుగుదారిలో మేమిద్దరం అల్ వక్రా దాకా ఒకే మెట్రో. సీటు దొరికాక ఆయన మెల్లగా అడిగారు.

“చెల్లె, ఒకటడుగుత, ఏమనుకోకు. పెద్దోడు తిరిగి రాలేదంటివి గదా. వచ్చిండు. పదకొండో భాగంల వచ్చిండు.”

“అవునా? మర్చిపోయానేమో అన్నయ్యా.”

“అట్లనా” అని కిటికీ వైపు తిరిగారు. రెండు స్టేషన్లు పోయాయి. నా కాలు దానంతటదే ఊగుతోంది.

“లేదన్నయ్యా. చదవలేదు. అంతకుముందువి కూడా చదవలేదు.”

ఆయన తిట్టినా బాగుండేది. “డ్యూటీ అయినంక కండ్లు మూతలు పడుతున్నా చదివిన” అన్నారు. “కొన్ని నాకు ఎక్కలే. అయినా చదివిన. నువ్వు చదివి మంచిదన్నవనుకున్న.”

ఆ నెలంతా కుదురు లేదు. గుంపుకి మెసేజ్ రాయడం, చెరిపేయడం. ఆఫీసులో ఒకే డ్రాయింగుకి రెండుసార్లు తప్పు నంబరు వేశాను. తర్వాతి నెల కలిసిన శుక్రవారం టీ కప్పులు అందుకోకముందే చెప్పేశాను. నర్సుగారు కప్పుల ట్రే కింద పెట్టి, “నిజం చెప్పొద్దూ, నేనూ సగంలోనే ఆపేశానండీ” అన్నారు. మరొకరు మూడో భాగం దాటలేదట. గది గదంతా నవ్వు. అన్నయ్య నవ్వలేదు.

“ఇకనుంచి మీరే ఎంచండి అన్నయ్యా” అన్నాను.

“నాకు పుస్తకాల పేర్లు తెల్వయి” అన్నారు. సంచిలోంచి ఆ అన్నదమ్ముల నవల తీసి, “గిదే మల్ల చదువుండ్రి. అందరు. దీని గురించి మాట్లాడుదమంటే నాకు ఎవ్వరు లేకపాయె.”

చదివాను. మెట్రోలో నిలబడి, లంచ్‌లో డబ్బా పక్కన పెట్టుకుని, రోజుకు ఐదారు పేజీలు. మనసు పదిసార్లు పారిపోయేది, లాక్కొచ్చేదాన్ని. పదకొండో భాగం నాలుగే పేజీలు. మిట్టమధ్యాహ్నం పెద్దవాడొస్తాడు. ఇంట్లో తమ్ముడి కూతురు తప్ప ఎవరూ లేరు. ఆ పిల్లకు ఇతనెవరో తెలియదు. మంచినీళ్లడిగి తాగి, దారిన పోయేవాణ్ణని చెప్పి వెళ్లిపోతాడు. ఇంతేనా అని చిరాకేసింది. ఇందులో ఆయనకేం కనబడిందో అర్థం కాలేదు.

ఆ నెల కలిసిన శుక్రవారం ఆయనే చెప్పారు. మొదటిసారి సెలవు మీద పోయినప్పుడు తలుపు తీసింది ఆయన కూతురేనట. “మా నాయిన ఇంట్ల లేడు, దుబాయ్‌ల ఉన్నడు అన్నది. మా దిక్కు గల్ఫంత దుబాయే” అన్నారు. “సంచి చేతుల వట్టుకొని గడపల్నే నిలవడ్డ. నేనే మీ నాయిననని చెప్పనీకె నోరు రాలే. పెద్దోడు ఎందుకు చెప్పలేదో నాకెరుకే.” అరగంట మాట్లాడారు. పేజీలు తిప్పి మరీ చదివి వినిపించారు. ఆయన అంతసేపు మాట్లాడటం మేమెవరం వినలేదు.

అప్పటినుంచి ఒకటే నియమం. ఎవరు పుస్తకం చెప్పినా, వాళ్లు ముందు పూర్తిగా చదివి ఉండాలి. దాంతో రెండు నెలలుగా మాకు పుస్తకమే లేదు. ఈసారి వంతు నాది. అరవయ్యో పేజీలో ఉన్నాను. ఆఫీసు కబురింకా తేలలేదు. ఈ పేజీ తిప్పేలోపు రెండుసార్లు లేచి కూర్చున్నాను. పొద్దున అన్నయ్య ఫోన్ చేసి, ఎంతదాక వచ్చింది చెల్లె అనడిగారు. ఎన్నో పేజీలో ఉన్నానో చెప్పాను, ఒక్క పేజీ కూడా ఎక్కువ చెప్పకుండా.