వంకర గోడపై ఫిర్యాదు

అమెరికాలో నేను నోటుపుస్తకంలో నమోదు చేసిన లోపాల్లో పదిహేడవది డౌన్‌టౌన్ బేస్‌బాల్ స్టేడియం. బ్యాటింగ్ చేసే చోటికి ఎడమ గోడ దగ్గరగా, కుడి గోడ దూరంగా ఉన్నాయి. పైగా ఒక పాత ఇటుక గోడౌను మూల మైదానంలోకి చొచ్చుకొని వచ్చింది. ముప్పై నాలుగేళ్లు రోడ్లు, భవనాల శాఖలో ఇంజినీరుగా పనిచేసిన నాకు ఇది సహించరాని విషయం. నగర పాలకులకు పంపవలసిన ఫిర్యాదుకు, ట్రైనులో కూర్చుని, పటంతో సహా చిత్తుప్రతి రాస్తున్నాను.

పక్క సీటులో జట్టు టోపీ పెట్టుకున్న అమ్మాయి తొంగి చూసింది. "తెలుగా అంకుల్? అది మా స్టేడియం కదా! నేను అక్కడ టూర్ గైడ్‌ని. ఏం రాస్తున్నారు?"

"ఫిర్యాదు. మైదానం వంకరగా కట్టారు."

"అయ్యో, కావాలనే అలా డిజైన్ చేశారు అంకుల్! ఆ గోడౌన్ స్టేడియం కంటే చాలా ఓల్డ్. డెమాలిష్ చేద్దామంటే ఊళ్ళోవాళ్ళు ఒప్పుకోలేదు. సో, ఫీల్డ్‌నే అడ్జస్ట్ చేశారు."

"నిబంధనలు ఒప్పుకుంటాయా?"

"ప్లేయర్లు పరిగెత్తే బేస్‌ల మధ్య డిస్టెన్స్ లాంటివే ఫిక్స్. బయటి గోడ ఒక్కో ఊళ్ళో ఒక్కోలా ఉంటుంది. ఇక్కడ ఫస్ట్ బుక్ అయ్యేవి ఆ గోడౌన్ పక్క సీట్లే!"

ఫిర్యాదు నిలబడదని నాకు అర్థమైంది. అయినా కోపం తగ్గలేదు.

"మీరైతే ఏం చేసేవాళ్ళు అంకుల్?" అంది నవ్వుతూ.

బస్టాండు ప్రహరీ తిన్నగా రావడం కోసం నేను దగ్గరుండి కూల్పించిన గ్రంథాలయం గుర్తొచ్చింది. దాని కొలతలన్నీ నా రికార్డులో ఉన్నాయి. నా స్టేషను వచ్చిందని చెప్పి దిగిపోయాను.

అక్కడి నుంచి మా అమ్మాయి ఇంటికి ఇంకా రెండు స్టేషన్లు.