సార్జెంట్ గారి చీలమండ

సార్జెంట్ ఆర్విడ్ టోర్గెర్‌సన్‌కి మనుషుల ముఖాలు గుర్తుండవు. చీలమండలు గుర్తుంటాయి.

ఎల్క్ ఫోర్క్ పోలీసు స్టేషన్లో తుపాకుల బాధ్యత ఇరవై రెండేళ్ళుగా ఆయనదే. ఎవరు ఎదురైనా ఆయన పలకరింపు ఒకటే: "ప్యాంటు ఎత్తు." ఎత్తితే చీలమండకు కట్టిన చిన్న తుపాకీ కనిపించాలి. నడుముకున్న పెద్ద పిస్తోలు మొరాయించినా, చేజారినా ప్రాణం నిలబెట్టేది అదే. అయితే కనిపిస్తే చాలదు. అది పెద్దదానికి సొంత తమ్ముడిలా ఉండాలి. అదే తూటా, అదే ట్రిగ్గరు. పెద్దదాని మేగజైను, అంటే తూటాలు నింపే పెట్టె, చిన్నదాని పిడిలో పట్టాలి. పట్టకపోతే ముందు ఆయన మెడ ఎర్రబడేది, తర్వాత చెవులు. చెవుల దాకా వస్తే అందరూ కాఫీ కప్పులతో సహా బయట మంచులోకి వెళ్ళిపోయేవారు.

కారుతో గుద్దినవాడికి గుద్దించుకున్నవాడు క్షమాపణ చెప్పే ఊరు అది. అక్కడెవరికీ కోపం రాదు. ఊరందరి కోపమూ ఆయనొక్కడికే వస్తోందని అనుకునేవారు.

కానిస్టేబుల్ డేల్ ఓస్బీ పెళ్ళిలోనూ అంతే. ఉంగరం తొడగబోతుంటే ముందు వరసలోంచి గొంతు వినిపించింది.

"ఓస్బీ, ప్యాంటు ఎత్తు."

"పెళ్ళి, సార్జెంట్!"

"అయితే?"

ఓస్బీ ఎత్తాడు. పాస్టరు కూడా వంగి చూశాడు.

"మేగజైను పడుతుందా దాంట్లో?"

"పడదు."

"పడనిది ఎందుకు కట్టావు?"

"నల్లగా ఉంది. సూటుకి నప్పిందని."

ఆయన విందుకు ఉండలేదు.

ఆ జనవరిలో బ్రిట్ సోలెమ్ ఉద్యోగంలో చేరింది. శుక్రవారం కాల్పుల పరీక్ష. పెద్దదానితోనూ చిన్నదానితోనూ నెగ్గి, టోర్గెర్‌సన్ సంతకం పడితే గస్తీ కారు ఆమెకు ఒంటరిగా ఇస్తారు. లేకపోతే వసంతం దాకా ఓస్బీ పక్కన కూర్చుని అతని చేపల కథలు వినాలి. బ్రిట్ ఇప్పటికే పదకొండు చేపల కథలు వింది. పదకొండూ ఒకే చేప.

"సోలెమ్, ప్యాంటు ఎత్తు."

ఎత్తింది. అయిదు తూటాల పాత రివాల్వరు. గోధుమరంగు తోలు ఒర, తెగిన పట్టీకి గాలపు దారంతో వేసిన కుట్టు.

"ఇదేమిటి?"

"నాన్నది."

"తెలుసు. మీ నాన్న లైల్ రిటైరయ్యేదాకా దీన్ని తిడుతూనే ఉన్నాను. ఇప్పుడు రెండో తరమా?"

"ఒక్కసారి కూడా మొరాయించలేదు, సార్జెంట్."

"ఒక్కసారి కూడా కాల్చలేదు మీ నాన్న. ఎందుకు మొరాయిస్తుంది?"

కాల్పుల మైదానానికి నడిపించాడు. చలికి గాలి కూడా బిగుసుకుపోయి ఉంది.

"పెద్దది చేజారింది. కాల్చు."

అయిదూ కాల్చింది. అయిదూ ఎదురుగా ఉన్న మనిషి బొమ్మ గుండెలో తగిలాయి.

"వాడింకా వస్తున్నాడు!"

బ్రిట్ చెయ్యి తనంతట తాను నడుముకు పోయింది. మేగజైను తీసింది. ఒక చేతిలో మేగజైను, ఒక చేతిలో రివాల్వరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పెట్టు! ఎక్కడ పెడతావు? చెవిలోనా? నడుము మీద ముప్ఫై నాలుగు తూటాలు, చేతిలో ఖాళీ ఇనుము! సరిపోయేది తెచ్చుకో. లేదా సంతకం లేదు."

ఊళ్ళో ఉన్నది ఒకటే తుపాకుల దుకాణం. సరిపోయేది రావడానికి ఆరు వారాలన్నారు. బ్రిట్ తిరిగొచ్చింది. ఆ ఊళ్ళో మొదటిసారి ఇంకొకరి చెవులు ఎర్రబడ్డాయి.

"మీకు కావలసింది తుపాకీ కాదు, మీ మాట నెగ్గడం! ఉంచుకోండి దీన్ని కూడా!"

రివాల్వరును ఒరతో సహా ఆయన బల్ల మీద విసురుగా పెట్టింది. పెట్టే ముందు మాత్రం తెరిచి, తూటాలు తీసి, ఖాళీ అయిందని రెండుసార్లు చూసుకుంది. ఆయన అది గమనించాడు. మెడ కొంచెం తెల్లబడింది.

గురువారం పొద్దున ఒక చిన్న పిస్తోలు ఆమె వైపు తోశాడు.

"స్టోరులో మూల పడుంది. నీది వచ్చేదాకా వాడు. గీత పడిందో, చూస్తాను నీ సంగతి."

మూల పడున్నదానికి దుమ్ము లేదు. నూనె మెరుస్తోంది. బ్రిట్‌కి ఆలోచించే ఓపిక లేదు, కోపంగా ఉంది.

శుక్రవారం పరీక్షలో పెద్దది చేజారింది. చిన్నది తీసింది. చెయ్యి నడుముకు పోయింది. మేగజైను ఠక్కున పడింది. పొట్టి చొక్కాలోంచి పొట్టలా కింద రెండు వేళ్ళ మేర బయటికే ఉంది, కానీ పడింది. టోర్గెర్‌సన్ కాగితం చిరిగేంత కోపంగా సంతకం పెట్టాడు.

సోమవారం పొద్దున అందరూ ఫలహారశాలలో ఉన్నారు. ఆయన బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చాడు.

"ఓస్బీ, ప్యాంటు ఎత్తు."

ఎత్తాడు. సరిపోయేదే. ఆయన నిరాశగా బ్రిట్ పక్కనున్న ఎత్తు స్టూలెక్కి, ఆమెలాగే ఆపిల్ పై ముక్క తెప్పించుకుని తినసాగాడు. ప్యాంటు అంచు తనంతట తాను పైకి జరిగింది.

బ్రిట్‌కి గోధుమరంగు తోలు కనిపించింది. గాలపు దారం కుట్టు కనిపించింది.

"సార్జెంట్, ప్యాంటు ఎత్తండి."

ఫోర్కులన్నీ ఆగిపోయాయి.

"నా కాలు, నా ఇష్టం."

"మేగజైను పడుతుందా దాంట్లో?"

ఆయన మెడ ఎర్రబడింది. "పడదు."

"పడనిది ఎందుకు కట్టారు?"

చెవులు ఎర్రబడ్డాయి. "ఉత్త కాలితో తిరగమంటావా?"

"నాకిచ్చింది స్టోరులో మూల పడుందన్నారు."

"స్టోరు నాది! మూల కూడా నాదే! ఆరు వారాలేగా, నీ ఆపిల్ పై నువ్వు తిను!"

"పోనీలే బ్రిట్," అన్నాడు ఓస్బీ నెమ్మదిగా. "ప్యాంటుకి నప్పిందేమో."

వడ్డించే ఆవిడ కాఫీ కూజా కింద పెట్టి మరీ నవ్వింది. టోర్గెర్‌సన్ సగం తిన్న ఆపిల్ పై వదిలేసి లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"సోలెమ్! పెద్దది చేజారితే?"

"చిన్నది తీస్తాను."

"మేగజైను?"

"పడుతుంది, సార్జెంట్."

తలుపు ధడేలుమంది.

అందరూ కిటికీ అద్దంలోంచి చూశారు. మంచులో ఆయన అడుగులు కారు దాకా ఉన్నాయి. ఎడమది కొంచెం లోతుగా పడింది, పాత ఇనుము బరువుకి. చెవులు అంత దూరం నుంచి కూడా ఎర్రగానే కనిపించాయి.