అవ్వ మంచం దిగిన సీరియల్

రెండువేల సంవత్సరం దాటాక, మేడ్చల్‌లో మా ఇంట్లో కలర్ టీవీ కొన్న కొత్తలో, వారానికోసారి ఒక సీరియల్ వచ్చేది. దొరల రాజ్యం పోకుండా ఇప్పటికీ సాగుతుంటే ఎట్లా ఉండేదన్నది కథ. అందులో దొర కారులో తిరుగుతాడు, సెల్‌ఫోన్‌లో హుకుం జారీ చేస్తాడు. జనం మాత్రం అతని ముందు చెప్పులు చేత పట్టుకునే నడవాలి. షూటింగు శామీర్‌పేట దగ్గరి ఒక తోట బంగళాలోనే అని మేం గొప్పలు పోయేవాళ్లం.

నాయిన తల్లి, మా అవ్వ, మంచం మీద కూర్చుని చూసేది. దొర తెర మీదికి రాగానే దిగి నేల మీద కూర్చునేది, అతను పోయాక మళ్లీ ఎక్కేది. ఆమె చిన్నతనంలో దొర వీధిలో పోతుంటే సొంత మంచం మీదైనా కూర్చోకూడదట. మోకాళ్ల నొప్పులతో ఆమె పడే తిప్పలు చూస్తే నాకు ఒళ్లు మండేది.

"అది టీవీ అవ్వా. దొరకు నువ్వు కనవడవు" అని నాయిన నవ్వేవాడు.

"నాకు ఆయన కనవడ్తుండు గదరా" అనేది.

కథలో ఒక పేదరాలి కొడుకును దొర మనుషులు జీపులో ఎత్తుకుపోయారు. అవ్వ తమ్ముణ్ణి కూడా అట్లాగే వెట్టిచాకిరికని దొర ఉండే గడిలోకి తోలుకుపోయారు. మళ్లీ రాలేదు, శవమూ ఇవ్వలేదు. ఏదో ఒకనాడు వస్తాడని ఎదురుచూస్తూనే ఆమె ముసలిదైంది. "గీ పిల్లగాడన్న వస్తడు, సూడుండ్రి" అనేది.

మొదటి భాగం ముగిసే రోజు, ఇంటికి చుట్టం వస్తున్నట్టు తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని టీవీ ముందు కూర్చుంది.

కథలో ఆ పేదరాలి కొడుకు వచ్చాడు. దొర దగ్గరి సిపాయిల బట్టలేసుకుని, భుజాన తుపాకితో వచ్చాడు. తల్లి ఉరికొచ్చి పట్టుకోబోతే, దూరం జరగమని తుపాకి చూపించాడు. అంతే, అక్కడితో ఆపేశారు.

తెర మీద దొర లేడు. అవ్వ మంచం పట్టె పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగింది. ఆ కథ రాసినవాడు ఎదురుగా ఉంటే కొట్టేవాణ్ణి. ముసలిదాని ఇన్నేళ్ల ఆశను ఒక్క పూటలో ఊడ్చి పారేశాడు.

నాయిన టీవీ బంద్ చేసి చెయ్యి అందించాడు. "లే అవ్వా, అయిపోయింది."

అవ్వ ఆ చెయ్యి పట్టుకోలేదు.

"నా తమ్ముడు రాకపోవుడే నయమైంది బిడ్డా" అంది.